కారం గుడ్డు సాక్ష్యం

ఆ రోజుల్లో మా ఊళ్లో మిరప కల్లం దగ్గర కూర్చోవడాన్ని ఎవరూ ఉద్యోగమనేవారు కాదు. ఇంటర్లో లెక్కల పరీక్ష తప్పి ఇంటికి చేరినవాడికి వేసే శిక్ష అది. ఎండలో కాయలు తిరగబోస్తూ, ఘాటుకు తుమ్ముతూ, దారిన పోయే ప్రతివాడూ "ఏరా, మళ్లీ ఎప్పుడు రాస్తన్నావు?" అని అడిగితే జవాబు చెబుతూ ఉండాలి. నలభై ఏళ్లు కావస్తున్నా ఆ అడిగినవాళ్ల పేర్లన్నీ నాకు వరసగా గుర్తున్నాయి. ఎవరు ఏ మాట అన్నారో, అన్నప్పుడు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా చెప్పగలను. (మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. ఆ మాట మొదటిసారి అన్నది పెళ్లయిన ఏడాది, వినాయక చవితి ముందురోజు, ఉండ్రాళ్లకు పిండి తడుపుతూ.) ఇన్ని మాటలు పడ్డ నా జీవితంలో నేను గెలిచానని గట్టిగా చెప్పుకోగలిగిన రోజు ఒకటుంది. దాన్ని నాకు ఇప్పించింది ఒక కోడిపెట్ట. అందుకే ఇది రాస్తున్నాను.

గుంటూరు నుంచి నల్లపాడు మీదుగా వచ్చే రోడ్డు పక్కన ఉండేది మా ఇల్లు. ఇంటి వెనక పెరడు, పెరటిని ఆనుకుని కల్లం. పెరట్లో మా నాయనమ్మ కోళ్లు తిరిగేవి. కల్లానికి కాపలా మా కుక్క నల్లోడు. నాయనమ్మకు కోళ్లన్నీ ఒక ఎత్తు, మాలచ్చి అనే తెల్లపెట్ట ఒక్కటీ ఒక ఎత్తు. అది వంటింట్లోకి వచ్చి బియ్యం గిన్నెలో ముక్కు పెట్టినా "మా తల్లే, ఆకలయిందా" అనేది. అదే పని నేను చేస్తే అట్లకాడ లేచేది. నల్లోడికి అప్పటికి ఏడాది నిండలేదు. ఒకరోజు పరుగెత్తే కోడిపిల్లను చూసి తనూ పరుగెత్తాడు. పిల్ల ఆగింది, వాడు ఆగలేదు. నోట్లో పట్టుకొచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి తోక ఊపాడు. అది హత్య కాదని, ఆట అని నేను వాదించాను. "ఆడుకుంటానికి నోట్టో పెట్టుకుంటారంట్రా ఎవరన్నా?" అని నాయనమ్మ తలబాదుకుంది.

తీర్పు చెప్పడానికి పెదనాన్న వచ్చాడు. ఊళ్లో ఆయన్ని వెనకాల జడ్జీ అనేవాళ్లు. ఒక గట్టు తగాదాలో సాక్షిగా గుంటూరు కోర్టుకు ఒక్కసారి వెళ్లొచ్చాడు. ఆనాటి నుంచి ఎవరి ఇంట్లో ఏం జరిగినా ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి తీర్పు చెప్పేవాడు. అరుగు మీద కూర్చుని, పంచె కుచ్చెళ్లు సవరించుకుని, "కుక్కా కోళ్లూ ఒక్క పెరట్లో బతకవురా. రెండింట్లో ఒకటి పోవాల. మీ మామయ్య మిరగాయలకి వస్తాడు గదా, పోయేటప్పుడు దీన్ని కూడా పట్టుకుపొమ్మందాం" అన్నాడు. మామయ్య అంటే మా మేనత్త భర్త. వేటపాలెంలో జీడిపప్పు తయారుచేసే చోట పనిచేసేవాడు. ఏటా కారానికీ పచ్చళ్లకీ మిర్చి తీసుకుపోవడానికి వచ్చేవాడు. ఆయన రావడానికి ఇంకా నెల ఉంది. "ఈ నెలలో నల్లోడికి బుద్ధి నేర్పుతా. అప్పటికీ కోడిని ముట్టుకుంటే అప్పుడు పంపండి" అన్నాను. పెదనాన్న నా వంక చూసి, చుట్టూ ఉన్న నలుగురి వంకా చూసి, "లెక్కలు తప్పినోడివి నువ్వు, కుక్కకి పాఠాలు చెబుతావంట్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాయనమ్మ కూడా నవ్వింది. (పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది గానీ, నేను చూశాను.)

ఆ మాట పట్టుకుని పని మొదలుపెట్టాను. మొదట కోళ్ల గూటి చుట్టూ పత్తికట్టెతో నడుమెత్తు దడి కట్టి, పిల్లల్ని గంప కింద మూశాను. నల్లోడిని గేదెల కొట్టం గుంజకు కట్టి, కోళ్లు ఎదురుగా తిరుగుతుంటే ఊరికే చూస్తూ పడుకోవడం నేర్పాను. లేచి గుంజితే "వద్దు" అనేవాణ్ణి. మళ్లీ పడుకుంటే సంగటి ముద్ద పెట్టేవాణ్ణి. రోజుకో జానెడు చొప్పున తాడు పొడుగు చేశాను. అసలు తగాదా ఎక్కడుందో నాలుగో రోజున తెలిసింది. కుక్క కోళ్ల మీదికి పోవడం కంటే కోళ్లు కుక్క గిన్నె మీదికి పోవడం ఎక్కువ. ఆ గిన్నెను దడికి ఇవతలికి మార్చి, ముందు నల్లోడికి తిండి పెట్టి, తర్వాత కోళ్లకు నూకలు చల్లితే సగం గొడవ అక్కడే ఆగిపోయింది. చివరికి మాలచ్చిని ఒళ్లో పెట్టుకుని నల్లోడి పక్కన కూర్చునేవాణ్ణి. మాలచ్చి నా చేతుల మీద పొడిచిన మచ్చల్లో ఒకటి ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తాను.

మూడు వారాలు తిరిగేసరికి నల్లోడు తాడు లేకుండా పెరట్లో పడుకుంటే, కోడిపిల్లలు వాడి వీపెక్కి దిగుతుండేవి. ఒకటి వాడి చెవిలో ఏదో వెతికేది. వాడు కళ్లు మూసుకుని ఓర్చుకునేవాడు. పెదనాన్నను పిలుచుకొచ్చి చూపించాను. చాలాసేపు చూసి, "నువ్వు పక్కన ఉన్నావు గాబట్టి ఊరుకుంది. నువ్వు లేనప్పుడు చూడాల" అన్నాడు. పరీక్ష పాసయ్యాక పేపరు మార్చడమంటే ఇదే. ఇది కూడా గుర్తుపెట్టుకున్నాను.

సరిగ్గా ఆ మర్నాటి నుంచే గుడ్లు మాయమవడం మొదలైంది. మాలచ్చి గడ్డివామి చాటున గంపలో గుడ్డు పెట్టి, కొక్కొక్కో అని ఊరంతా చాటేది. నాయనమ్మ చేతిలో పని దించి వెళ్లేసరికి గంప ఖాళీ. పెంకు కూడా ఉండేది కాదు. మొదట దిష్టి అన్నారు. నాయనమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి వీధిలోకి పరుగెత్తాం. మేము వీధిలో దగ్గుతుండగానే ఆ రోజు గుడ్డు కూడా పోయింది. ఇక పెదనాన్న వేలు నల్లోడి మీదికి తిరిగింది. "కోడిని ముట్టుకోవద్దని నేర్పావు. గుడ్డు సంగతి చెప్పావంట్రా?" అన్నాడు. నేను చెప్పలేదు. ఆ ముక్క నిజమే కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మా వైపు ఏ రోగానికైనా మందు కారమే. వేలు చీకే పిల్లకి వేలికి కారం, తాడు కొరికే దూడకి తాడుకి కారం. గుడ్డు దొంగకి కూడా అదే మందని నాయనమ్మ తేల్చింది. గుడ్డుకు సూదితో చిల్లి పెట్టి, సొన సగం ఒంపేసి, ఆ చోటంతా కల్లంలో బాగా ఎర్రటి కాయలు ఏరి నూరిన ముద్దతో నింపింది. ఆ గుడ్డు గంపలో పెట్టి మేమంతా వసారాలో కూర్చుని కుక్క కేక కోసం ఎదురుచూశాం. కేక లేదు. కాసేపటికి వెళ్లి చూస్తే గుడ్డూ లేదు. కారం తిన్నవాడెవడూ నీళ్ల కోసం పరుగెత్తలేదు, తుమ్మలేదు, కళ్లు తుడుచుకోలేదు. నల్లోడు నీడలో పడుకుని ఆవలిస్తున్నాడు.

ఇక్కడ మా వాళ్లు చేసిన తప్పు ప్రపంచంలో ఇంకెక్కడా ఎవరూ చేయరు. అంత కారం తిని కదలకుండా ఉన్న ప్రాణి కుక్క కాదేమోనని ఒక్కళ్లకీ అనుమానం రాలేదు. పెదనాన్న మీసం దువ్వుకుని, "గుంటూరు కుక్కరా ఇది! మిరగాయల మీద పుట్టింది, మిరగాయల మీద పడుకుంటంది. దానికి కారం ఏం చేస్తది?" అన్నాడు. అందరూ తలూపారు. కొందరి ముఖాల్లో కాస్త గర్వం కూడా కనిపించింది. నాయనమ్మయితే, "ఒంగోలు గిత్త గురించి చెప్పుకుంటారు గానీ, మన కుక్క ముందు అదెంత!" అంది. మర్నాడే మామయ్య వస్తున్నాడు. నెలరోజుల నా కష్టమంతా ఒక గుడ్డుతో పోయిందన్న ఉక్రోషంలో, చేతిలో ఉన్న పత్తికట్టెతో నల్లోడిని ఒక్కటి వేశాను. వాడు మొరగలేదు. నేను "వద్దు" అన్నాననుకుని, అలవాటు ప్రకారం అక్కడే పడుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కల్లంలో ముఖం ముడుచుకుని కూర్చున్నాను. ముఖానికి గుడ్డ కట్టుకున్నా నా ముక్కూ కళ్లూ కారుతూనే ఉన్నాయి. ఎదురుగా కోళ్లు మిరప గింజలు ఏరుకుని తింటున్నాయి. రోజూ చూసే దృశ్యమే. మాలచ్చి ఒక పండుకాయను చీల్చి, గింజలన్నీ మింగి, ఇంకోటి అందుకుంది. దాని కంట్లో నీటిచుక్క లేదు. నేను తుమ్మబోయి ఆగిపోయాను. మా ఇంట్లో కారం అంటే లెక్కలేనిది ఎవరో ఆ క్షణాన అర్థమైంది. కుక్కను కట్టేసి చూస్తే సరిపోయేదానికి ఇన్ని రోజులు పట్టిందేమిటని అడగకండి. లెక్కలు తప్పానని మొదటే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే మామయ్య మిర్చికో గోనెసంచి, కుక్కకో గోనెసంచి తెచ్చుకుని దిగాడు. "మధ్యాహ్నం బస్సుకి పోవాల. కుక్కని సంచిలో పెట్టి బస్సు మీదెక్కిస్తా, గాలి బాగా తగులుద్ది దానికి" అన్నాడు. నేను నల్లోడిని అందరూ చూస్తుండగా వసారా గుంజకు కట్టి, తాడు కొస తెచ్చి పెదనాన్న చేతిలోనే పెట్టాను. "గట్టిగా పట్టుకో పెదనాన్నా. మళ్లీ నేనే విప్పానంటావు." నాయనమ్మ చేత ఇంకో కారం గుడ్డు చేయించి, గంపను వసారా ముందుకు తెచ్చి పెట్టాను. "ఏందిరా ఈ ఆట?" అన్నాడు పెదనాన్న. "ఆట కాదు. సాక్ష్యం" అన్నాను. ఆ మాట రాత్రంతా సాధన చేసి ఉంచుకున్నాను.

మాలచ్చికి మనుషులంటే భయం లేదు గదా. మా అందరి కాళ్ల మధ్య నుంచి నడిచొచ్చి, గంపెక్కి, అటూ ఇటూ చూసి, ఒక్క పోటు పొడిచింది. గుడ్డు పగిలింది. ఎర్రటి ముద్ద బయటికొచ్చింది. పూర్ణం తిన్నట్టు తినేసింది. పెంకు కూడా టకటకా కొరికి మింగేసింది. అప్పుడది గంప దిగి, తాపీగా నడిచి, పెదనాన్న ముందు ఆగి, ముక్కును ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఆయన ఇస్త్రీ పంచెకు శుభ్రంగా తుడుచుకుంది. తెల్లటి పంచె మీద రెండు ఎర్రటి చారలు. కోర్టులో వేసే ముద్ర కూడా అంత స్పష్టంగా పడదు.

ముందు మామయ్య నవ్వాడు. తర్వాత నాయనమ్మ. ఈసారి పమిట అడ్డం పెట్టుకోలేదు. పెదనాన్న తాడు వదిలేసి, "నేను ముందే అనుకున్నా" అన్నాడు. (ఈ మాట ఆయన ఖాకీ రంగు చొక్కా వేసుకుని అన్నాడు.) నేను వదల్లేదు. "కుక్కకి పాఠాలు చెబుతావంట్రా అన్నావు. ఆ మాట వెనక్కి తీసుకో" అన్నాను. "ఏ మాటరా? నేనెప్పుడన్నా?" అన్నాడు. నిజంగానే మర్చిపోయాడు! నెలరోజులు నేను నిద్రపోకుండా మోసిన మాటను ఆయన అన్న సాయంత్రమే పారేసుకున్నాడు. మామయ్య రెండో సంచి ఖాళీగా మడిచి చంకలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కాడు. మాలచ్చికి ఏ శిక్షా పడలేదు. "దాని గుడ్డు అది తింది, నీకేం నొప్పిరా?" అంది నాయనమ్మ. కుక్కకి వేటపాలెం, కోడికి క్షమాభిక్ష. ఇది కూడా రాసిపెట్టుకోండి.

ఆ తర్వాత నల్లోడు మా పెరట్లో కోళ్ల మధ్యే తొమ్మిదేళ్లు బతికాడు. ముసలితనంలో చలికి కోడిపిల్లలు వాడి పొట్ట కింద దూరేవి. నేను లెక్కలూ పాసయ్యాను. పెదనాన్న తన మాట వెనక్కి తీసుకోకుండానే పోయాడు. అందరి మాటలూ గుర్తున్న నాకు, నేను వేసిన ఆ ఒక్క పత్తికట్టె దెబ్బ అన్నిటికంటే బాగా గుర్తుంది. దాన్ని నల్లోడు ఆ సాయంత్రానికే మర్చిపోయి, నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ వసారాలో చేతులు కట్టుకుని నిలబడిన కుర్రాడు కనిపిస్తాడు. వాడు పెదనాన్న జవాబు కోసం ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. పక్కన కుక్క మాత్రం ఎప్పుడో నిద్రపోయింది.