ఆధార్ లేకుంటే పంపమని రాసిండ్రా?

ఒకే ఒక్క వాక్యం నన్ను ఏడాది చదువుతోని సహా వికారాబాద్ రోడ్డు మీద నిలబెట్టింది. అది రాసినోళ్ల తప్పు ఇసుమంత లేదు. తప్పంతా చదివిన నాదే. నవ్వుతరా, నవ్వుండ్రి. ఇప్పుడు నేను గూడ నవ్వుకుంటనే చెప్తున్న. ఆ రోజు మాత్రం చున్నీ తడిసేదాక ఏడ్సిన.

అప్పుడు లా ఎంట్రన్స్‌కు చదువుతున్న. పొద్దుగాల తాండూరుల రైలెక్కుడు, వికారాబాద్‌ల దిగుడు, కోచింగ్‌కు ఉరుకుడు. అమ్మ డబ్బాల పెట్టిన జొన్నరొట్టె, పల్లికారం రైలు కదలకముందే సగం ఖాళీ. ఎంత మంచి రోజులో! పరీక్షల తర్కం ప్రశ్నలుంటయి. ఒక వాదన ఇచ్చి, ఇందుల తప్పు పట్టమంటరు. మా సారు మొదటి రోజే బోర్డు మీద రాసిండు: 'వానొస్తే వాకిలి తడుస్తది. వాన రాలేదు. కాబట్టి వాకిలి తడవలేదు.'

"తప్పేంది?" అన్నడు.

"అమ్మ పేడనీళ్ల సాన్పి చల్లి ఉండొచ్చు గద సార్!" అన్న.

సారు శెభాష్ అన్నడు. గా శెభాష్‌తోనే నా బుర్ర ఖరాబైంది. ఇంట్ల ఎవరు నోరు తెరిచినా తప్పు పట్టుడే. "మబ్బు పట్టింది, గొడుగు తీస్కపో" అని నాయన అంటే, "మబ్బు పట్టినప్పుడల్లా వాన పడ్డదా?" అని ఎదురడిగి, సాయంత్రం పిల్లిపిల్ల లెక్క తడిసి వచ్చేదాన్ని.

పరీక్ష వికారాబాద్‌లనే పడ్డది. బయలెల్లేటప్పుడు అమ్మ అడిగింది: "ఆధార్ కార్డు పెట్టుకున్నవా బిడ్డా?"

హాల్ టికెట్ చూపించిన. "జర చూడమ్మా. 'ఆధార్ కార్డు తెచ్చిన వారిని లోపలికి పంపుతాము' అని ఉన్నది. తేనోళ్లను పంపము అని యాడన్న రాసిండ్రా?"

"అవన్నీ నాకు తెల్వయి. బీరువల ఉన్నది, తెస్త ఆగు."

"తర్కం రాకుంటే గిట్లనే పరేషాన్ అయితరు" అనుకుంట, అమ్మ తాళంచెవి ఎతికేలోపలనే స్టేషన్‌కు పోయిన.

గేటు కాడ కానిస్టేబులమ్మ చెయ్యి చాపింది. "కార్డు?"

"లేదు మేడం. కని ఈ వాక్యం చూడుండ్రి..." అని మొదలుపెట్టి, వాన, వాకిలి, సాన్పి అంతా చెప్పిన. నా వెనక లైను పెరుగుతనే ఉన్నది. ఆమె మస్తు ఓపికతోని విన్నది.

"అయిపోయిందా? పక్కకు జరుగు."

ఇంటికి ఫోన్ కొట్టిన. అమ్మ ఒక్క మాట తిట్టలే. "ఏడ్వకు, నాయనతోని పంపుత" అన్నది. నాయన తాండూరుల బండలు పాలిష్ చేసే మిషన్ మీద పని చేస్తడు. ఒక్కొక్కరే లోపలికి పోతున్నరు. గేటు బయట నేను, నా తర్కం మిగిలినం.

గేటు మూసే టైముకు నాయన బండి వచ్చి ఆగింది. పిండిగిర్నిల పడి లేచినట్టు నెత్తి నుంచి కాళ్లదాక తెల్లటి బండల పొడి. కార్డు నా చేతుల పెట్టిండు.

కానిస్టేబులమ్మ కార్డును అటూ ఇటూ తిప్పింది. "తెచ్చినోళ్లను పంపుతమని రాసినం, నిజమే. ఇయ్యాలనే పంపుతమని రాసినమా?"

వాన, వాకిలి, సాన్పి మళ్లా మొదటి నుంచి లెక్కేసుకుంటున్న. ఆమె పకపక నవ్వి, "ఉరుకు, గేటు మూస్తున్నరు!" అన్నది.

రాసి బయటికొస్తే నాయన అదే జాగల, అదే పొడితోని నిలబడి ఉన్నడు.

"మొఖమన్న కడుక్కోలేదేంది నాయనా?"

"నేను నల్లా కాడికి పోతే, నువ్వు బయటికొచ్చి ఎతుకుతవని."

తాండూరు చేరేదాక ఆయన వీపుకు ఆనుకొని కూసున్న. నా కొత్త డ్రెస్సు గూడ తెల్లగైంది. దులుపబుద్ధి కాలే.

సీటొచ్చింది. ఇప్పుడు వకీలును. జడ్జి ముంగట ఎంతసేపైనా వాదిస్త. కని సర్వజనుల సాక్షిగ ప్రమాణం చేస్తున్న: గేటు కాడ, ఖాకీ బట్టల ముంగట, అన్నిటికన్న ముఖ్యంగ మా అమ్మ ముంగట, ఈ జన్మల మళ్లా తర్కం తియ్య. కార్డు తీస్త.