రెండంగుళాల లోయ

ఆ వడ్రంగికి పరిశోధనాలయంలో ఉద్యోగం వచ్చిందంటే ముందు అతని భార్యే నమ్మలేదు. "లేనివి ఉన్నట్టు చూపించే చోట నీ రంపంతో ఏం పనయ్యా?" అంది. అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మొదటిరోజు సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడు అతనూ అదే అనుకున్నాడు.

అక్కడ చేసేది వర్చువల్ రియాలిటీ మీద పరిశోధన. తలకు డబ్బాలాంటిది ఒకటి తగిలించుకుంటే కళ్ల ముందు లేని గది కనిపిస్తుంది. లేని కిటికీ, లేని బల్ల, బల్ల మీద లేని పూలకుండీ. తల తిప్పితే గదీ తిరుగుతుంది. చిక్కంతా చేయి చాపితేనే. బల్ల మీద ఆనుకుందామనుకున్నవాడి చేయి బల్లలోంచి అవతలికి పోతుంది, మనిషి ముందుకు తూలతాడు, మాయ కాస్తా తుస్సుమంటుంది. ఏళ్ల తరబడి బుర్రలు బద్దలుకొట్టుకున్నాక అక్కడి పెద్దలకు తోచిన ఉపాయం ఏమిటంటే, కంప్యూటర్లో బల్ల ఎక్కడ కనిపిస్తుందో సరిగ్గా అక్కడే, అవే కొలతలతో, నిజం బల్ల ఒకటి చేయించి పెట్టడం. అందుకు వడ్రంగి కావలసి వచ్చాడు. అలా ఆ గదిలో లేని ప్రపంచం పెరిగేకొద్దీ ఉన్న కలప కూడా పెరుగుతూ పోయింది.

మొదటి బల్లకు అతను ప్రాణం పెట్టాడు. చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, అంచులు గుండ్రంగా తీసి, మూడు పూతలు వార్నిష్ వేశాడు. అతుకు ఎక్కడుందో చీమకు కూడా తెలియదు. ఆ విభాగానికి పెద్ద ఒక ప్రొఫెసరమ్మ, అందరూ మేడమ్ అంటారు. ఆవిడ టేపు తీసుకొచ్చి నాలుగు పక్కలా కొలిచింది.

"కొలతలు అచ్చుగుద్దినట్టున్నాయి మేస్త్రీ. వార్నిష్ ఎందుకు వేశారు?"

"మెరుస్తుందని మేడమ్."

"ఎవరు చూడొచ్చారు? వచ్చేవాళ్లందరి కళ్లకీ గంతలేగా!"

అడవి కాచిన వెన్నెల అని చిన్నప్పటినుంచీ వింటున్నాడు గానీ, అది తన మీదికే వస్తుందని అతను అనుకోలేదు. అప్పటినుంచి ఆ తలడబ్బాను గంతలనే పిలవడం మొదలుపెట్టాడు. గంతలు కట్టుకుని వచ్చినవాళ్లు అతని బల్లను నిమిరి నిమిరి, "అబ్బ, గ్రాఫిక్స్ ఎంత సహజంగా ఉన్నాయండీ!" అని మెచ్చుకునేవాళ్లు. ఆ గ్రాఫిక్స్ గీసిన పరిశోధకురాలు సిగ్గుపడుతూ థాంక్స్ చెప్పేది. పాతికేళ్ల ఆ అమ్మాయి మంచిదే, పొగడ్తలో సగం మేస్త్రీదని ఆమెకెప్పుడూ తట్టలేదు, అంతే. వడ్రంగి మూలన పీట మీద కూర్చుని ఉలి నూరుకునేవాడు.

ఇంత చిన్నబోతూ కూడా అతను ఆ ఉద్యోగం ఎందుకు వదల్లేదంటే, దానికో కారణం ఉంది. ఆ పరిశోధనాలయం నేలకింద అంతస్తులో ఉంది. అంతకంటే కిందకు పడడానికి చోటు లేదు.

అంతకు ఎనిమిదేళ్ల ముందు అతను ఇళ్ల కప్పులకు దూలాలు అమర్చే పనిలో ఉండేవాడు. ఒకరోజు రెండో అంతస్తు పరంజా మీదినుంచి జారి ఇసుక కుప్ప మీద పడ్డాడు. మోకాలు విరిగింది, నాలుగు నెలల్లో అతుక్కుంది. డాక్టరు నడిపించి చూసి, "గుర్రంలా ఉన్నావు, పో" అన్నాడు. మోకాలైతే గుర్రమే. ఆ పైనున్న మనిషే మారిపోయాడు. నిచ్చెన రెండో మెట్టు ఎక్కితే అరచేతులు చెమటపట్టేవి, మూడో మెట్టు మీద కాలు పెట్టి దిగిపోయేవాడు. మగవాడు, పైగా వడ్రంగి, ఎత్తంటే భయమని ఎవరితో చెప్పుకుంటాడు? "మోకాలు సహకరించట్లేదు" అన్నాడు. భార్యతో అన్నాడు, బావమరిదితో అన్నాడు, చివరికి తనతో తనే అనుకున్నాడు. ఇంట్లో బల్బు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆ మోకాలు ఠంచనుగా నొప్పిపుట్టేది.

ఇలా ఉండగా మేడమ్ కొత్త ప్రయోగం తలపెట్టింది. కంటికి కనిపించే ఎత్తుకు కాలికి తగిలే అంచు కూడా తోడైతే భయం ఎంత పెరుగుతుందో కొలవాలట.

"ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం. ఒక్క చెక్క చాలు మేస్త్రీ" అంది.

వడ్రంగి చెక్క చేసి నేల మీద పరిచాడు. గంతల్లో మాత్రం అది ఆరంతస్తుల లోయ మీదికి పొడుచుకొచ్చిన పలక. చివరన ఒక చిన్న పెట్టె. నడిచి వెళ్లి పెట్టె తీసుకురావాలి, చేయాల్సింది అంతే. వచ్చినవాళ్ల ఛాతీకి గుండె వేగం కొలిచే పట్టీ కట్టేవారు.

ఆ నెలంతా వడ్రంగికి పండగే. కేకలు పెట్టినవాళ్లు, మోకాళ్ల మీద పాకినవాళ్లు, ఇంట్లోవాళ్లను తలుచుకుని ఏడ్చినవాళ్లు. ఆంబోతులాంటి మనిషి ఒకాయన గోడను కావలించుకుని వదలనంటే వదలనన్నాడు. అందరికన్నా ఎక్కువ నవ్వింది వడ్రంగే. "రెండంగుళాలు! మా ఇంటి గడప ఇంతకన్నా ఎత్తు" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తాడును చూసి పామనుకునేవాళ్లంటే అతనికి భలే సరదా.

ప్రయోగం సగంలో ఉండగా పై కమిటీవాళ్లు ఒక మెలిక పెట్టారు. భయపడ్డవాళ్లకు కిందేముందో తెలియదు కాబట్టి భయపడ్డారేమో, నేల రెండంగుళాల్లోనే ఉందని పూర్తిగా తెలిసినవాడు కూడా భయపడతాడా అని. పరిశోధకురాలు రెండు రోజులు తల పట్టుకుని, మూడోరోజు ఎగురుకుంటూ వడ్రంగి దగ్గరికొచ్చింది.

"మేస్త్రీ, ఆ చెక్క గురించి మీకన్నా తెలిసినవాళ్లు ఈ భూమ్మీద లేరు. మీరే ఎక్కాలి."

"నా మోకాలి సంగతి తెలుసుగామ్మా."

"రెండంగుళాలకు మోకాలేంటి మేస్త్రీ? మీరేగా గడప అన్నారు?"

నోరు జారిన పాపం ఊరికే పోతుందా. అంతమంది ముందు అంత నవ్వినవాడు ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కాదంటాడు? సరేనన్నాడు. సంతకానికి ఒక కాగితం ఇచ్చారు. "మీకు ఎత్తులంటే భయం ఉందా?" అని ఒక ప్రశ్న. దాని ఎదురుగా 'లేదు' అని రాసి, కింద గీత కూడా గీశాడు.

ఎక్కేముందు వంగి చెక్కను చేత్తో ఒకసారి తడిమి చూసుకున్నాడు. తను కోసిన చెక్కే, తను తీసిన అంచే. గంతలు కట్టారు. మామూలు గది కనిపించింది. ఎదురుగా తలుపు పక్కకు జరిగింది. నేల లేదు. ఎక్కడో పాతాళంలో, ఆరంతస్తుల కింది గదిలో, అగ్గిపెట్టెంత సోఫా, దాని ముందు తపాలాబిళ్లంత తివాచీ. కుడికాలు ముందుకు జరిపాడు. బొటనవేలు చెక్క పక్క అంచు దాటి గాలిలోకి వెళ్లింది. అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"ముందుకు రండి మేస్త్రీ" అంది పరిశోధకురాలు.

"వస్తున్నా."

నిమిషం గడిచింది.

"వస్తున్నారా?"

"వస్తున్నానమ్మా!"

అలా నాలుగుసార్లు వచ్చాడు, వేలెడంత కూడా కదలకుండా. ఆ తర్వాత అతని ఒంట్లోని పాత పనివాడెవరో లేచినట్టున్నాడు, దూలం మీద కూర్చున్నట్టు చెక్క మీద అటో కాలు ఇటో కాలు వేసి చతికిలబడ్డాడు. రెండు కాళ్లూ శుభ్రంగా గచ్చు మీద చాపుకుని ఉన్నాయి. చల్లటి గచ్చు తగులుతూనే ఉంది. నేల ఉందని కాళ్లు మొత్తుకుంటున్నాయి, వినే నాథుడేడీ? చెక్కను రెండు చేతులతో కరిచిపట్టుకుని, జరిగి జరిగి చివరిదాకా వెళ్లాడు. పెట్టె తీసుకుని ఒళ్లో పెట్టుకుని, వెనక్కి తిరిగే ధైర్యం లేక అలాగే వెనక్కి జరుగుతూ వచ్చాడు.

గంతలు తీశారు. ఇక నవ్వులే తరువాయి అని అతను తల వంచుకున్నాడు. నవ్వులు రాలేదు. చప్పట్లు వచ్చాయి. మేడమ్ పరుగులాంటి నడకతో వచ్చి అతని చేయి పట్టుకుంది.

"నూట అరవై రెండు మేస్త్రీ! ఇంతవరకు ఎవరి గుండె కూడా ఇంత వేగంగా కొట్టుకోలేదు. అద్భుతం! ఎంత గొప్ప పని చేశారో మీకు తెలీదు."

ఆరేళ్లలో ఆవిడ అతన్ని అంతలా మెచ్చుకోవడం అదే మొదలు. పదకొండు బల్లలు, ఏడు తలుపులు, ఒక వంపు తిరిగిన మెట్లవరుస చేసినప్పుడు రాని మాట, వణికినందుకు వచ్చింది.

వ్యాసం అచ్చయింది. అతని గుండె వేగాన్ని గీతగా గీసి, పెద్దది చేయించి నడవాలో గోడకు అంటించారు. "మీ పేరెక్కడా రాయలేదు మేస్త్రీ, నియమం ప్రకారం రహస్యంగా ఉంచాం" అని పరిశోధకురాలు ధైర్యం చెప్పింది. నిజమే, పేరు లేదు. గీత కింద "ముప్పయ్యొకటో వ్యక్తి: వడ్రంగి, ఆ చెక్కను స్వయంగా తయారుచేసినవాడు" అని మాత్రమే ఉంది.

ఏడాదికోసారి సిబ్బంది కుటుంబాలను పిలిచి పరిశోధనాలయం చూపిస్తారు. ప్రతిసారీ వడ్రంగి ఇంట్లో ఏదో వంక చెప్పి తప్పించేవాడు. ఆ ఏడు భార్య తనంతట తానే బయలుదేరింది, తోడుగా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. ఆ బావమరిది భవనాలకు రంగులేసే పని చేస్తాడు. తాళ్లకు వేలాడుతూ పాటలు పాడే రకం. బావ మోకాలి మీద అతనికి ఎప్పటినుంచో అనుమానం.

నడవాలో పరిశోధకురాలు వాళ్లకు గోడ చూపించింది. "ఈ కొండ చూశారా అమ్మా? కొండ కాదు, మీవారి గుండె!"

వడ్రంగికి భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. చీలినా లోపలికి దిగే ధైర్యం లేదు, అది వేరే సంగతి. భార్య గీతను కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది. బావమరిది మాత్రం నడవా అదిరేలా నవ్వాడు.

"రెండంగుళాలకా బావా? నాకివ్వండమ్మా ఆ డబ్బా, నేను చూపిస్తా!"

చూపించాడు. ఒక చేయి జేబులో పెట్టుకుని ఈలవేస్తూ చెక్క మీద చకచకా నడిచి, పెట్టె కోసం రెండుసార్లు గాలిలో తడుముకుని, పట్టుకుని వెనక్కి వచ్చాడు. పరిశోధకురాలు కంప్యూటర్ వైపు చూసి కాస్త మొహమాటపడింది.

"బాగా నడిచారండీ. కాకపోతే ఈ హెడ్‌సెట్ కంటిచూపును కూడా గమనిస్తుంది. తలుపు తెరుచుకున్నప్పటినుంచీ మీరు కళ్లు తెరవలేదు."

బావమరిదికి హఠాత్తుగా ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లే బస్సులో భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నారు. మూడు స్టాపులు దాటాక అతనే గొంతు సవరించుకున్నాడు.

"మోకాలు..." అన్నాడు.

"మోకాలికేమైంది, రాయిలా ఉంది" అంది ఆమె. "నొప్పున్నవాడు నడిచేటప్పుడు కుంటుతాడు. నువ్వు పైకి చూసినప్పుడు కుంటుతావు. నాకు తెలీదనుకున్నావా?"

"ఎప్పటినుంచి?"

"మంచం దిగిన వారానికే."

"మరి ఇన్నేళ్లూ అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం వెతుక్కునేవాడివి. ఉన్నదొక్కటీ అలవాటైపోయిందిలే అని ఊరుకున్నా."

పద్నాలుగేళ్లుగా కాపలా కాసిన రహస్యం అసలు రహస్యమే కాదని తెలిస్తే ఎవరికైనా కాస్త చిన్నతనంగానే ఉంటుంది. అంతకన్నా ఎక్కువగా, అతనికి ఒళ్లు తేలికపడ్డట్టు ఉంది.

ఆ వ్యాసం చదివి ఒక ఆసుపత్రివాళ్లు వచ్చారు. ఎత్తుల భయం ఉన్నవాళ్లను ఇదే లోయ మీద వారం వారం నడిపించి కుదురుస్తామన్నారు. మొదటి రోగిగా ఎవరిని తీసుకోవాలో వాళ్లు అడగనే లేదు, అందరూ ఒకేసారి మేస్త్రీ వైపు తిరిగారు. ఈసారి అతను కాగితం మీద 'ఉంది' అని రాశాడు.

మొదటివారం చతికిలబడ్డాడు. మూడోవారం నిలబడ్డాడు. ఆరోవారం నాలుగడుగులు వేశాడు. పదోవారానికి ఆరంతస్తుల లోయ మీద నిలబడి, "ఆ సోఫా కాలు ఒకటి పొట్టిగా గీశారమ్మా" అని పరిశోధకురాలికి తప్పు చూపించే స్థితికి వచ్చాడు. గుండె డెబ్భై నాలుగు దాటలేదు. డాక్టర్లు పూర్తిగా నయమైందని రాసిచ్చారు. మేడమ్ ఇంకో వ్యాసం రాసుకుంది.

ఆసుపత్రి కోసం ఆ గదికి కొత్త బోర్డు కావాలన్నారు. వడ్రంగి మంచి కలప తీసి, "ఎత్తుల భయ నివారణ కేంద్రం" అని అక్షరాలు చెక్కి, ఈసారి ఎవరినీ అడక్కుండా వార్నిష్ వేశాడు. దాన్ని గుమ్మం పైన బిగించాలి. నిచ్చెన తెచ్చాడు, గోడకు ఆనించాడు, మొదటి మెట్టు ఎక్కాడు, రెండోది ఎక్కాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టి, కాసేపు ఆలోచించి, దిగాడు.

"ఏమైంది మేస్త్రీ? నయమైందిగా?" అంది పరిశోధకురాలు.

"నయమైందమ్మా, గంతల లోపల. బయటది ఇంకా మొదలుపెట్టలేదు."

ఆ అమ్మాయే సుత్తి తీసుకుని ఎక్కింది. వడ్రంగి కింద నిచ్చెన పట్టుకున్నాడు, తల వంచి, గచ్చు మీద చూపు నిలిపి. మేకు దిగుతున్న చప్పుడు వినిపించింది.

"వంకరగా ఉందా?" అని అడిగింది పైనుంచి.

"సరిగ్గా ఉంది" అన్నాడు అతను, తలెత్తకుండా.