వెర్న్ ట్రెలోర్ బాగానే ఉన్నాడు

ఆస్ట్రేలియాలోని బర్రా చుట్టుపక్కల షెడ్లలో ముప్పై ఏళ్లుగా గొర్రెల ఉన్ని కత్తిరిస్తున్న వెర్న్ ట్రెలోర్‌ను ఎవరు పలకరించినా ఒకటే జవాబు, "బాగానే ఉన్నా." పొట్టేలు తన్ని దవడ వాచినప్పుడూ అదే మాట. ఆ ఊరి మగవాళ్లంతా అంతే. నొప్పి అని నోరు తెరిస్తే పరువు పోయిందనుకునే రకం.

పోయిన శీతాకాలం, షెడ్డులో వంగిన నడుం మళ్లీ లేవలేదు. పనికి పోలేనప్పుడు జీతానికి బదులు నెలనెలా డబ్బిచ్చే బీమా ఉంది కాబట్టి సరిపోయింది. భార్య నోలీన్ పోరి పోరి కట్టించిన బీమా అది. ఇల్లు నిలబడింది దాంతోనే.

ఆ ఉదయం బీమా కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. నోలీన్ స్పీకర్ పెట్టింది.

"సార్ కోలుకున్నారు కదండీ, అందుకని ఈ నెల నుంచి ఆపేశాం."

నోలీన్ ఫోన్ దగ్గరికి వంగింది. "కోలుకున్నాడా? ఎవరన్నారమ్మా?"

"సారే అన్నారు. డాక్టరుగారితోనూ అదే చెప్పారట. రికార్డింగుంది, వినండి."

ఫోన్లోంచి వెర్న్ గొంతు హుషారుగా వినిపించింది. "బాగానే ఉన్నానమ్మా! నొప్పా? అబ్బే, పెద్దగా లేదు. తోటపని చూసుకుంటున్నా."

నోలీన్ పక్కనే కూచున్న వెర్న్ వైపు తిరిగింది. "తోటపనా? కుర్చీలో కూచుని రెండు గులాబీ మొక్కలకి నీళ్లు పట్టడం తోటపనా? పొద్దున నీ మేజోళ్లు ఎవరు తొడిగారయ్యా, మహానుభావా?"

వెర్న్ మొహం పాలిపోయింది. "పలకరిస్తే ఇంకేమంటారే? మర్యాదకి అన్నాను."

"పోనీ ఇప్పుడు చెప్పండి సార్," అంది అమ్మాయి మెత్తగా. "మళ్లీ చూడమని పైవాళ్లకి రాస్తాను. ఉన్నదున్నట్టు చెప్పండి."

వెర్న్ కిటికీ వైపు తిరిగాడు. పెళ్లాం మొహం చూస్తూ చెప్పే ధైర్యం ఆ మొండివాడికి లేదు.

"వంగలేను. నిలబడలేను." కుర్చీ చేతిని పట్టుకున్నాడు. "కుడి పాదం... క్రిస్మస్ నుంచీ మొద్దుబారిపోయిందమ్మా. అసలు ఉన్నట్టే తెలీదు."

రోజూ ఆ పాదానికి మేజోడు తొడిగేది నోలీనే. ఆమెకీ ఈ సంగతి తెలియదు. నమ్మలేక అతని ముందు చతికిలబడి, మేజోడు లాగేసి, గోళ్లు దిగేలా గిల్లింది.

వెర్న్ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆ అమ్మాయికి నడుం సంగతి చెబుతూనే ఉన్నాడు.