శెట్టిగారూ, మీరింక పోవచ్చు

జబ్బు పూర్తిగా నయమైన మనిషిని రెండే మాటలతో చావు అంచులదాకా తీసుకుపోయిన నర్సును మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. అది నేనే.

కరోనా రోజుల్లో ఆదోనిలో ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరాను. ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆ పొద్దున డ్యూటీకి ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బజ్జీ మరీ ఘాటుగా ఉందని మిరపకాయను వేళ్లతో చీల్చి గింజలు ఏరేశాను. ఆ తర్వాత చేతులకు బాగా శానిటైజర్ పూసుకున్నాను. వైరస్ చచ్చే ఉంటుంది. మిరపకాయ మాత్రం చావలేదు.

ఆ వేళ్లతోనే గాగుల్స్ లోపలివైపు శుభ్రంగా తుడిచి పెట్టుకున్నాను. మాస్కు, తెల్ల సూటు, రెండు జతల గ్లౌజులు. వార్డులోకి పోయేసరికి కళ్లలో ఎవరో పొయ్యి రాజేసినట్టయింది. అక్కడ గాగుల్స్ ముట్టకూడదు, ముట్టుకుంటే నాకూ ఆ వార్డులోనే ఒక మంచం వేస్తారు. బయటికి పోదామా అంటే సూటు విప్పి పారేయాలి, ఆ పూటకు ఇంకోటి ఇవ్వరు. పైగా వార్డులో గాగుల్స్ ముట్టకూడదని ముందురోజే తోటి నర్సులకు పెద్ద ఉపన్యాసం దంచి ఉన్నాను. కాబట్టి బుద్ధిగా నిలబడి ఏడ్చాను. ధారాపాతంగా.

ఆరోజు శెట్టిగారికి డిశ్చార్జి. పత్తి వ్యాపారం చేసే పెద్దాయన. ఆ శుభవార్త చెప్పే పని డాక్టరుగారు నాకు అప్పగించారు. మంచం దగ్గరికి పోయి, ముక్కు ఎగబీల్చి, "శెట్టిగారూ, మీరింక పోవచ్చు" అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూశాడు.

"ఎప్పుడు పోతానమ్మా?"

"మధ్యాహ్నంలోపల. మీ ఇంటికి ఫోన్ చేసినాము."

"నొప్పేమన్నా ఉంటాదా?"

దారిలో బండి కుదుపుల గురించి అడుగుతున్నాడనుకున్నాను. "కొంచెం ఉంటాది. కండ్లు మూసుకొని పండుకుంటే తెలీదు."

ఆయన నెమ్మదిగా తలూపి, దుప్పటి సర్దుకున్నాడు. ఎంత నిబ్బరమైన మనిషి అనుకుంటూ పక్క మంచం ఆయనకు సెలైన్ మారుస్తున్నాను. శెట్టిగారు భార్యకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. తాను పోతున్నానని చెప్పాడు.

"తెలుసులెండి, ఆస్పత్రోళ్లు సెప్పినారు" అంది ఆమె నింపాదిగా. "నీళ్లు కాగబెడతాండాను."

అప్పుడే నీళ్లు కూడా కాగుతున్నాయని వినేసరికి ఆయనకు మిగిలిన ఆశ కాస్తా ఆవిరైపోయింది. గొంతు సవరించుకున్నాడు.

"పోయే ముందర ఒక నిజం సెప్పల్ల. పెండ్లయినప్పట్నుంచి నీ వంకాయ కూర బాగుందంటా వచ్చినా. ఒక్కనాడన్నా బాగలేదు. మీ అన్న పాట కూడా అంతే. మీ సెల్లెలు వండితేనే నాకు అన్నం దిగేది."

అవతల టక్కున పొయ్యి కట్టేసిన చప్పుడు.

"ఇంటికి రండి" అంది ఆమె. "మాట్లాడదాము."

"ఇంటికా?" అని ఆయన నావైపు తిరిగాడు. పోవడమంటే ఇంటికి పోవడమేనని, కన్నీళ్లు మిరపకాయవని వివరించాను. ఆయన ముఖం ఒక్క క్షణం పూర్ణచంద్రుడిలా వెలిగింది. వెంటనే గ్రహణం పట్టింది. చేతులు జోడించాడు.

"సిస్టరమ్మా, ఇంకో నాలుగు దినాలు ఈడే పెట్టుకోండమ్మా. మంచం లేకపోతే కింద పండుకుంటా."

ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను, బతికుండగా ఎవరితోనూ "పోవచ్చు" అనకూడదని. ఈరోజుకీ ఆ ఒట్టు తప్పలేదు. మా ఇంటికొచ్చిన చుట్టాలతో కూడా అనలేదు. అందుకే వాళ్లింకా పోలేదు.