మూడు కిలోమీటర్లు దిగి వచ్చిన టీ కప్పు

మా పై గది సారు పోయారని పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున నా భార్య ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఫిల్మ్ నగర్‌లో మా వర్క్‌షాపులో థర్మోకోల్ కొండకి రంగు వేయిస్తున్నాను. "జర జల్దీ రా. సారు ఎంత లేపినా లేస్తలేడు. పక్కింటి డాక్టరమ్మ వచ్చి చూసింది. నిద్రలనే పానం పోయిందంట," అంది. "ఆమె మంచిగ చూసిందా?" అని అడిగాను. "మనిషి సచ్చిపోయిండన్నా నమ్మవా నువ్వు?" అని ఫోన్ పెట్టేసింది.

నా బుద్ధే అంత. ఇరవై ఏళ్లుగా సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంటులో ఉన్నాను. రాయి కానిదాన్ని రాయిలా, ఇత్తడి కూడా కానిదాన్ని బంగారంలా చూపించడం నా పని. అందుకని ఏది కనబడినా వేలు మడిచి ఒకసారి తట్టి చూస్తాను. పెళ్లిచూపులకి వెళ్లి మా మామగారి ఇంటి స్తంభాన్ని తట్టానని ఇప్పటికీ మావాళ్లు నన్ను ఏడిపిస్తారు. మనుషుల్ని తట్టలేను కాబట్టి ప్రశ్నలు వేస్తాను.

సారు నాలుగేళ్ల క్రితం షేక్‌పేటలోని మా ఇంట్లో పై గది కిరాయికి అడిగారు. కాకినాడ వైపు మనిషి. భార్య పోయాక, ఇక్కడ మేనల్లుడు ఉన్నాడని వచ్చారు. ఏం పని చేసేవారని అడిగాను. "సముద్రం మీద పరిశోధన చేసే ఓడలో ఉండేవాణ్ణండీ. సైంటిస్టుని కాదు. వాళ్ల పరికరాలు ఇనుప తాడుకి కట్టి, చెప్పినంత లోతుకి దించేవాణ్ణి. మళ్లీ పైకి లాగేవాణ్ణి. అంతే," అన్నారు.

వెంటనే నాకు అనుమానం వచ్చింది. మా వైపు గది కోసం వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి చెబుతాడు. ఒకడు పెద్ద హీరోకి చిన్ననాటి దోస్తు, ఇంకొకడి కథ రేపో మాపో షూటింగ్ మొదలు. సరే, ఈయనది సముద్రం అనుకున్నాను. "సినిమాల్ల వేషమేమన్న కావాల్నా సార్?" అని సూటిగా అడిగేశాను. "నాకెందుకు బాబూ వేషం!" అని నవ్వారు. వేషం వద్దన్నవాణ్ణి మా పేటలో అంతకు ముందు చూడలేదు. నా అనుమానం రెట్టింపయింది.

సాయంత్రం లైటు వేయకుండా మెట్ల మీద కూర్చునేవారు. వేసుకోమంటే, "ఉండనీ బాబూ, కళ్లే అలవాటు పడతాయి," అనేవారు. నేను పని నుంచి రాగానే "ఇవాళ ఎంత లోతుకి దిగావు?" అని అడిగేవారు. మేడ మీద నీళ్ల పైపుని ఎవరు ఎలా పడేసినా, ఆయన చుట్ట మీద చుట్ట పేర్చి, కొస లోపలికి దోపి పెట్టేవారు. ఓడలో పని చేసినవాడి చెయ్యి అది. నాకు తెలుస్తూనే ఉంది. అయినా, పైపు చుట్టడం ఎవరికి రాదు అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

నిరుడు మాకు ఒక సినిమా వచ్చింది. హీరో జలాంతర్గామిలో సముద్రం అడుగుకి వెళతాడు. అక్కడి జీవాలన్నీ మేం తయారుచేయాలి. డైరెక్టరు గారు ఒకటే మాట చెప్పారు, "రాక్షసుల్లా ఉండాలి." ఆ మాట ఇంట్లో అంటే సారు నొచ్చుకున్నారు. "రాక్షసులు కాదు బాబూ, బీదవి. అక్కడ తిండి ఎప్పుడో గానీ దొరకదు. దొరికినప్పుడు వదలకూడదని అంత నోరు. ఒక చేపకి మూతి ముందర దీపం ఉంటుంది. వెలుగుంది కదా అని దగ్గరికి వచ్చినవాణ్ణి మింగుతుంది."

"అంటే గాడ గూడ ఫిల్మ్ నగరే అన్నట్టు," అన్నాను. సారు కడుపు పట్టుకుని నవ్వారు.

ఆ తర్వాత, రొయ్యలకి ఎర్ర రంగు వేయమన్నారు. అడుగున ఎరుపు కనబడదట. ఎర్రటి ఒళ్లే అక్కడ దాక్కునే చోటట. కోతలు కోస్తున్నారనుకున్నాను. అయినా ఒకదానికి ఎరుపు పూయించి, షెడ్డు తలుపులు మూసి, నీలం లైటు వేయించాను. రొయ్య నల్లబడిపోయింది. ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అబ్బ అనుకున్నాను. ఆ వెంటనే, ఏ పుస్తకంలోనో చదివుంటాడులే అనుకున్నాను.

సెట్టు పని ముగిసిన వారం సారు నన్ను పైకి పిలిచి, అలమర్లోంచి రుమాలు మూట తీశారు. అందులో తెల్లటి బుల్లి కప్పు ఉంది. బొటనవేలికి తొడుక్కునేంత. దాని మీద నీలం సిరాతో మంగతాయారు అని చీమంత అక్షరాలు. అది సారు భార్య పేరు. "మామూలు థర్మోకోల్ టీ కప్పు ఇది. ఓడలో మాకో సరదా ఉండేది. కప్పుల మీద ఇంట్లోవాళ్ల పేర్లు రాసి, సంచిలో వేసి, పరికరంతో పాటు కిందికి పంపేవాళ్లం. మూడు కిలోమీటర్లు వెళ్లొచ్చింది. నీళ్లు అన్ని వైపుల నుంచీ ఒక్కలాగే నొక్కుతాయి కదా, లోపలి గాలంతా పోయి ఇంతే మిగిలింది. రూపు మాత్రం చెడలేదు, చూడు."

ఇంకేదైనా చెప్పుంటే ఊరుకునేవాణ్ణేమో. థర్మోకోల్ గురించి నాకు చెబుతారా? "గిట్లాంటిది నేను పూటల చెక్కుత సార్," అన్నాను. అనడమే కాదు, మర్నాడు ఒకటి చెక్కి, పుట్టీ పూసి, సన్న కుంచెతో అదే పేరు రాసి, తీసుకెళ్లి దాని పక్కన పెట్టాను. సారు రెండూ చేతిలోకి తీసుకుని చూశారు. "నా దానికంటే నీదే బాగుంది బాబూ," అన్నారు. కోపం లేదు. రెండూ కింద పెట్టి, "మా ఆవిడా నమ్మలేదు. నెలల తరబడి సముద్రం మీదంటే ఇంకో కాపురం పెట్టానేమోనని ఆవిడ బెంగ. ఆ బెంగ పోవాలనే ఈ కప్పు తెచ్చాను. బజార్లో కొన్నావంది," అన్నారు.

"ఆఖరికన్న నమ్మిందా?"

"ఏమో. దేవుడి గదిలో మాత్రం పెట్టుకుంది."

అక్కడితో ఆగాల్సింది నేను. ఆగలేదు. "లోపల చూస్తె తెలుస్తది," అన్నాను. సారు నా చొక్కా జేబు వైపు చూశారు. అందులో ఎప్పుడూ కట్టర్ ఉంటుంది. "కోసి చూడు. నువ్వొక్కడివైనా నమ్ము," అన్నారు.

కోశాను. ముందు నాది కోశాను. పుట్టీ పెంకు కింద పూసలు పొలపొలా రాలాయి. తర్వాత ఆయనది. బ్లేడు దిగడానికే మొరాయించింది. లోపల పుట్టీ లేదు, జిగురు లేదు. పూసలన్నీ ఒకదానిలో ఒకటి అణిగిపోయి, ఆ అంచు నుంచి ఈ అంచు దాకా ఒక్కలాగే ఉంది. థర్మోకోల్‌ని అలా నొక్కగల చెయ్యి గానీ యంత్రం గానీ ఫిల్మ్ నగర్‌లో లేదు. ఆ మాట నాకంటే బాగా తెలిసినవాడూ లేడు. కప్పు రెండు ముక్కలై నా అరచేతిలో ఉంది. బ్లేడు సరిగ్గా ఆవిడ పేరు మధ్యలోంచి దిగింది. ఛీ, ఏం బతుకురా అనిపించింది. సారే నా దగ్గర ఫెవికాల్ అడిగి అతికించుకున్నారు. "కప్పుదేముంది, వెళ్లొచ్చిన లోతు ఎక్కడికీ పోదు," అన్నారు. ఆ రోజు నుంచి, ఇవాళ ఎంత లోతుకి దిగావని ఆయన అడిగితే నేను తల దించుకునేవాణ్ణి.

కర్మకాండలు అయ్యాక మేనల్లుడు గది ఖాళీ చేయడానికి వచ్చాడు. బంజారా హిల్స్‌లో ఏదో ఆఫీసులో పని అతనికి. బట్టలు సర్దుతూ కప్పుని చెత్త సంచిలో వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. అది ఎక్కడికి వెళ్లొచ్చిందో మొత్తం చెప్పాను. అతను దాన్ని లైటుకి ఎత్తి పట్టుకుని, గోటితో టకటకా కొట్టి, నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మూడేళ్లు నేను నవ్విందే.

"మీరు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కదా అంకుల్. మావయ్యకి మీరే చేసిచ్చుంటారు."

ఇది నేను చేసింది కాదన్నాను. "ఏదీ, ఈ అతుకు విప్పి లోపల చూపించండి, నమ్ముతాను," అన్నాడు. అతుకు విప్పడం చిటికెలో పని. చెయ్యి కట్టర్ దాకా వెళ్లింది కూడా.

"నమ్మకుంటె మానె. నేనైతె విప్ప," అన్నాను. అతను భుజాలెగరేసి కప్పు నాకే ఇచ్చేశాడు.

ఇప్పుడది మా దేవుడి గదిలో ఉంది. మంగ ఇటు, తాయారు అటు, మధ్యలో నా కట్టర్ గీత.