నీలంగుడ్డ ముడి

జుగ్సలాయి నుంచి సాక్చి వెళ్ళే మినీబస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్ళో రెండు ఇనుప రాడ్లున్నాయి. ఒకదానికి నీలంగుడ్డ ముడి ఉంది. విశ్వకర్మ పూజనాడు మా కారుకి కట్టడానికి ఎర్రదారం చాలకపోతే, అక్క తన చీర అంచు చింపి కట్టిన ముడి అది.

ఆ రాడ్లు బానెట్ కింద, ఇంజనుకి అటూ ఇటూ బిగించి ఉండేవి. "ఇయ్యుంటే ఇంజన్లో సెయ్యి దూరదురా. ఉత్త బరువు. పాతినుం కబాడీలో పారీసేను," అన్నాడు మెకానిక్కైన మా బావ. అక్క మొగుడు కదా, నమ్మాను. అప్పట్నుంచి మలుపు తిరిగితే చాలు, కారు తలుపు దానంతటదే తెరుచుకునేది. అడిగితే రోడ్లు బాలేవనేవాడు బావ. నేను అక్కని కారెక్కమంటే మాత్రం, నీకెందుకు శ్రమ అంటూ తనకి రిక్షా పిలిచేవాడు. నా మీద అభిమానం అనుకునేవాణ్ణి.

"ఏటండీ ఇవి?" అని అడిగాను, ఏమీ తెలియనట్టు.

"మా కారుకి, బాబూ. ఇయ్యి లేకపోతే బండి ఒళ్ళు ఇప్పీసుకుంతాది. గోదాముల ఎనకాల షెడ్డు మేస్త్రీ ఎతికి తెచ్చినాడు. 'ఇయ్యి లేని బండిలో మా ఆడోళ్ళని ఎక్కనివ్వను' అన్నాడు. నిజాయితీ గలోడు."

ఆ షెడ్డు మా బావదే.

సాక్చిలో దిగుతూ, కింద నుంచి అందుకుంటానని ఆయన రాడ్లు నా చేతికిచ్చాడు. నా వేళ్ళు ముడి మీద ఆగడం చూశాడు.

"అది ఇప్పకు బాబూ. ఎవులో నమ్మి కట్టుకున్నారు."

అందించాను.