బస్సు ఆగే చోటు

ఉప్పల్ రింగ్ రోడ్డులో నేను స్టాపు దగ్గర నిలబడను. కాస్త ముందున్న కొబ్బరిబొండాల బండి దగ్గర నిలబడతాను. అది నేర్పిన మనిషి పేరు కూడా నాకు తెలియదు.

ఆ ఉదయం రెండు నాచారం బస్సులు స్టాపులో నన్ను దాటిపోయి ముందు ఆ బొండాల బండి దగ్గర ఆగాయి. పరిగెత్తి చేరేలోపే కదిలిపోయాయి. మూడోదీ పోతే ఇక పనికి వెళ్లి లాభం లేదు. పాత మిలిటరీ సంచి తగిలించుకున్న పెద్దాయన ఒకరు నన్ను చూసి నవ్వారు.

"బస్సెంబడి ఉరికితే దొరకది తమ్మీ, అది ఆగే జాగకు ఉరకాలె. మిలిటరీల రైఫిల్‌తోని విమానాన్ని కొట్టుడు గిట్లనే నేర్పిన్రు. విమానం మీదికే గురి పెడితే, తూటా పొయ్యేసరికి అది ముందటికి పోతది. అది రాబోయే జాగల అందరం ఒక్కపారే కొట్టాలె."

"ఎప్పుడన్నా తగిలిందా?"

"ప్రాక్టీసుల గురి కోసమని విమానం ఎన్కకు కట్టి గుంజుకపోయే గుడ్డకు ఒక్క బొక్క పడ్డది. ముప్పై మందిమి కొట్టినం. ముప్పై మందిమి నాదే అన్నం!"

మలుపులో మూడో బస్సు కనిపించింది. ఈసారి దానికేసి చూడకుండా ఇద్దరం బొండాల బండి దాకా ఉరికాం. ఫుట్‌బోర్డు సరిగ్గా మా కాళ్ల ముందు వచ్చి ఆగింది.

"గురి నాదే!" అన్నాను రొప్పుతూ.

"కాదు తమ్మీ, నాదే," అంటూ ఆయన నాకంటే ముందే ఎక్కేశారు.